వారసురాలి చదువు

స్వీడను దేశపు యువరాణి విక్టోరియా 1977వ సంవత్సరము జూలై 14వ తేదీన జన్మించినది. రాజదంపతులకు ఆమెయే తొలి సంతానము. అయినను ఆనాటి శాసనమును బట్టి ఆడుబిడ్డకు సింహాసనము దక్కదు. 1979 మే నెలలో తమ్ముడు పుట్టెను, పుట్టుకతోనే యువరాజయ్యెను. ఆ పసివానికి ఎనిమిదవ నెల నడుచుచుండగా, 1980 జనవరి 1వ తేదీ నుండి క్రొత్త శాసనము అమలులోనికి వచ్చినది. మగయైనను ఆడయైనను పెద్దబిడ్డదే రాజ్యమని దాని తాత్పర్యము. ఉయ్యాలలోని తమ్ముని పదవి రెండేండ్ల అక్కకు వచ్చినది. పుట్టిన కొడుకునకు ఉన్న హక్కును వెనుకకు తీసికొనుట సరికాదను తన అభిప్రాయమును రాజు దాచుకొనలేదు. కాని ఆ దేశమున చట్టము చేయునది ప్రజల సభ, రాజు కాడు. ఐరోపా రాజ్యములలో ఇట్టి మార్పును మొట్టమొదట చేసినది స్వీడనే. తరువాత నెదర్లాండ్సు, నార్వే, బెల్జియము, డెన్మార్కు, తుదకు బ్రిటను కూడ ఆ దారి పట్టినవి.

ఈ సంగతి చదివినపుడు మాకు మన చట్టము జ్ఞప్తికి వచ్చినది. స్వీడనులో ఆ మార్పు జరిగిన ఐదేండ్లకే మన తెలుగునాట హిందూ కుటుంబములలోని ఆడుబిడ్డలకు ఉమ్మడి యాస్తిలో మగబిడ్డలతో సమానమైన హక్కు కలిగినది. నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు వచ్చిన 1986 నాటి చట్టము, 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండియే వర్తించునట్లు చేయబడినది. అప్పటికే పెండ్లియైన ఆడపడుచులకు మాత్రము అందులో చోటు లేదు. 2005 సెప్టెంబరులో దేశమంతటికిని చేసిన సవరణతో ఆ తేడాయు తొలగినది.

కొల్లేటి చెంత, చేపల చెరువుల నడుమ, కైకలూరులో కాపురముండు వారికి స్టాకుహోము రాజభవనముతో పనియేమని సోదరీమణులు నవ్వవచ్చును. భవనముతో మాకు పని లేదు. హక్కు వచ్చిన పిదప ఆ బిడ్డనేమి చేసిరి, ఎట్లు పెంచిరి అనునదే మేము తెలిసికొనదలచినది.

పదునెనిమిదేండ్లు నిండిన నాడు, అనగా 1995లో, ఆమె నిండుసభలో తండ్రి యెదుట నిలిచి ప్రసంగించినది. అప్పటి నుండి రాజు దేశములో లేనపుడు ఆయనకు బదులుగా కార్యములు నడుపుట ఆమె విధులలో నొకటి. అమెరికాలో యేలు విశ్వవిద్యాలయమున చదివినది. వాషింగ్టనులోని తమ రాయబారి కార్యాలయములోను, న్యూయార్కులో ఐక్యరాజ్యసమితిలోను పని నేర్చుకొన్నది. 2003లో సైనిక శిక్షణ పొందినది. విదేశాంగశాఖలో రాయబారుల కిచ్చు శిక్షణలో కూర్చున్నది. కాగితములు చదువుట, ఎదుటివారి మాట ఓపికగా వినుట, తన తలపును బయట పెట్టకుండుట: ఇన్నేండ్లు నేర్చినది ముఖ్యముగా ఇదియే. రాజకీయములలో ఈ పక్షము మంచిది, ఆ పక్షము చెడ్డదని ఆమె నోరు విప్పరాదు. రాజవంశపు మతము విడువరాదు. పెండ్లికి సైతము రాజు అడుగగా ప్రభుత్వమువారు సమ్మతింపవలెను. మన యిండ్లలో మేనమామ సమ్మతి చాలును. అక్కడ మంత్రివర్గము కావలెను!

ఈ బరువును ఆ పిల్ల సులభముగా మోయలేదు. 1997లో ఆమె తిండి మానుకొను వ్యాధితో బాధపడుచున్నదని రాజభవనమువారే ప్రకటించిరి. తన మొగము నెవ్వరును అంతగా ఎరుగని అమెరికాకు పోయి కోలుకొన్నది. అక్షరములు పోల్చుకొనుటలో తండ్రికిని తనకును ఇబ్బంది గలదని కూడ ఆమె దాచలేదు. ఎదుగుచున్న ఆడుపిల్లలు గల తల్లులు ఈ భాగమును రెండుమారులు చదువవలెనని మా కోరిక. పిల్ల కంచము ముందు కూర్చుండి మెదపకుండ లేచిపోవుచున్నచో అది పెంకెతనమే యని తిట్టక, దాని మనసులో నేమున్నదో అడుగుట మంచిది.

నెదర్లాండ్సు యువరాణి అమాలియా సంగతి మా యింట నందరకును నచ్చినది. పదునెనిమిదేండ్లు నిండగానే ఆమెకు ప్రభుత్వమునుండి ఏటేట పెద్ద మొత్తము రావలసియుండెను. చదువుకొనుచున్నంత కాలము, తిరిగి యేమియు చేయక ఆ సొమ్ము పుచ్చుకొనుటకు మనసొప్పలేదని 2021లో ప్రధానమంత్రికి లేఖ వ్రాసి వదలుకొన్నది.

2023 అక్టోబరు 31వ తేదీన స్పెయిను యువరాణి లియొనోరు తన పదునెనిమిదవ పుట్టినరోజున, రాజ్యాంగ గ్రంథముపై చేయి యుంచి ప్రమాణము చేసినది. ఆ వార్తను మేము మధ్యాహ్నము వీధి యరుగు మీద చదివి వినిపించుచుండగా ఎదురింటి మామ్మగారు, "ఆ పిల్లకి తమ్ముడున్నాడా అమ్మా?" అని అడిగిరి.

"లేడు మామ్మగారూ, చెల్లెలు మాత్రం ఉంది."

"అదీ సంగతి! ఉంటే ఆ పుస్తకం మీద చెయ్యి వాడే వేసేవాడు."

ఆమె బడి ముఖము చూడలేదు. కాని చెప్పినది అక్షరాల నిజము. స్పెయిను వారి 1978 నాటి రాజ్యాంగమున నేటికిని అక్క కంటె తమ్మునికే ముందు వరుస.

మామ్మగారి మాట మన రుద్రమదేవికిని వర్తించును. గణపతిదేవునకు కొడుకులు లేకపోబట్టియే ఆమెకు రాజ్యము వచ్చినది. వచ్చినపుడైనను రుద్రదేవ మహారాజను మగపేరుతోనే శాసనములలో నిలువవలసి వచ్చినది. ఆమె భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. కైకలూరులో రైలెక్కి భీమవరము మీదుగా పోయినచో ఆ అల్లుని యూరు చేరవచ్చును. ఓరుగల్లులో రాజ్యమేలినది ఆమె గాని ఆయన కాడు. వ్యాయామశాల నడుపుకొనుచు, 2010లో విక్టోరియాను పెండ్లాడిన డానియేలు స్థితియు నట్టిదే. రేపు ఆమె రాణియైనను ఆయన రాజు కాడు. ఇల్లరికమును చులకన చేయు మన బంధువర్గము దీనిని గమనింపవలెను. ఇంతయైనను రుద్రమదేవి పిదప రాజ్యము ఆమె కుమార్తెలలో నెవ్వరికిని రాలేదు. కుమార్తె ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రునకు వచ్చినది.

ఇక మన యిండ్ల మాట. మా పినతల్లిని పుట్టింటివారు పిలిచి, కొల్లేటి చెంత జిరాయితీ చెరువులో ఆమె భాగమునకు హక్కు విడుదల పత్రము వ్రాయించుకొనిరి. పట్టుచీర పెట్టిరి, చేపల పులుసుతో భోజనము పెట్టిరి. ఆమె సంతకము చేసి సాయంకాలపు బస్సుకు తిరిగి వచ్చినది. ఎన్ని సెంట్లు వదలుకొన్నదో అడిగితిమి, తెలియదన్నది. అడిగినచో పుట్టింటి గడప తనకు మూతపడునేమో యని ఆమె భయము. ఆ భయము లేని ఆడపడుచు మన ప్రాంతమున నెందరున్నారు? అన్నదమ్ములందరును దుర్మార్గులని మేమనము. ముసలి తల్లిదండ్రులకు మందులు తెచ్చినవారు, అక్క పెండ్లి అప్పు తీర్చినవారు, వానరాత్రి గట్టు తెగకుండ కాపలా యున్నవారు వారే కావచ్చును. అందుచేతనే భాగము గూర్చిన మాట పెండ్లినాడో, తండ్రి పోయిన పిదపనో ఎత్తినచో తగవుగనే తోచును. పనిలో చిన్ననాటినుండి పాలున్నచో ఆ మాట అడుగనక్కరలేదు.

కొడుకును పదేండ్లకే చెరువు గట్టుకు తీసికొనిపోవుదుము. కౌలు గడువు ఎప్పటికో, తవుడు బస్తా యెంతో, చిల్లులు పొడిచిన మేత సంచులను ఏ గుంజకు కట్టవలెనో, బొచ్చె యెంత, శీలావతి యెంత తూగినదో వానికి వినికిడి వలననే వచ్చును. అదే యింట పుట్టిన కూతురు పట్టణమున ఇంజనీరింగు చదువుచుండియు పట్టాదారు పాసుపుస్తకమును విప్పి చూచి యెరుగదు. సర్వే నంబరు ఎరుగని బిడ్డకు చట్టమిచ్చిన భాగము సంతకము చేయుటకే పనికివచ్చును.

మా వెనుక వీధిలో ఒకరికి ఇద్దరాడుపిల్లలు, ఒక కొడుకు. పెద్దపిల్ల ఇంటర్మీడియటు చదువుచున్నది. మొన్నటి పట్టుబడి నాడు తండ్రి ఆమెను స్కూటరు మీద చెరువునకు తీసికొనిపోయి, చేతికొక నోటుపుస్తకమిచ్చి కాటా ప్రక్కన నిలువబెట్టెను. "అబ్బాయిని తేలేదేమండీ?" అని గట్టు మీద నున్నవారు అడిగిరట. "పెద్దది ఇదే గదండీ," అని ఆయన బదులు చెప్పెను. చీకటి పడువేళకు ఆ పిల్ల లెక్కకును వ్యాపారి గుమాస్తా లెక్కకును ఒక ట్రే తేడా వచ్చినది. గుమాస్తా నవ్వి, లారీ అస్సాము పోవలెనని తొందరపెట్టెను. పిల్ల పుస్తకము మూయలేదు. దించి మరల లెక్కించిరి. లారీ అరగంట ఆలస్యముగా బయలుదేరినది.