వాకిట్లో ఎవరు నడుస్తారు?

ఇల్లు కట్టేటప్పుడు హాల్లో టైల్స్ కోసం నెలరోజులు తిరుగుతాం. వాకిలి మాత్రం డబ్బులన్నీ అయిపోయాక గుర్తొస్తుంది. మాదీ అంతే. పదేళ్ళపాటు నల్లరేగడి మట్టితోనే సరిపెట్టుకున్నాం.

మామయ్యగారికి ఊతకర్ర వచ్చాక ఆ మట్టి శత్రువైంది. మెట్ల నుంచి గేటుకి ఇరవై అడుగులే. వాన పడితే కర్ర బురదలో దిగబడేది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి నలుగురినీ పలకరించడం ఆయనకి కాఫీతో సమానం. వానాకాలమంతా అది లేక మనిషి డీలా పడిపోయేవారు. ఈ ఏడు పార్కింగ్ టైల్స్ వేయిద్దామనుకున్నాం. మావారి మనసులో కారు ఉంది, నా మనసులో కర్ర ఉంది.

షాపులో ముందు చూపించినవి రబ్బరు మౌల్డులో పోసినవి. అద్దంలా మెరుస్తున్నాయి. చెంబుడు నీళ్ళు పోయించి, చెప్పులు విప్పి కాలు పెట్టాను. జర్రున జారింది! పక్కనే యంత్రంతో నొక్కి చేసిన జిగ్‌జాగ్ బ్లాకులున్నాయి. నిగారింపు లేదు గానీ కాలు నిలిచింది. అవే తీసుకున్నాం. మనుషులు నడిచే దారికి 50 మిల్లీమీటర్ల మందం చాలు, కారు ఎక్కాలంటే 60 ఉండాలి. వీటికి ఐఎస్ 15658 అనే ప్రమాణం ఉంది, కొనేముందు అడగండి.

అసలు పని బ్లాకుల కింద ఉంటుంది. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీదే పరిచేస్తే ఏడాదికల్లా ఎగుడుదిగుడు. అందుకే ఆ మట్టి తవ్వి తీసేసి, గ్రావెల్ పోసి, నీళ్ళు చల్లి బాగా దిమ్మిస చేయించాం. పైన అంగుళంన్నర ఇసుక. గేటు వైపు పదడుగులకి రెండంగుళాల వాటం. చుట్టూ కాంక్రీటు అంచు, లేకపోతే చివరి వరసలు పక్కకి జరిగిపోతాయి. సందుల్లో సిమెంటు పూయలేదు, సన్న ఇసుక ఊడ్చి నింపారు. రేపు పైపు పగిలినా నాలుగు బ్లాకులు తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

మధ్యలో అత్తయ్యగారు వచ్చి, "అంతా రాళ్ళేస్తే నా ముగ్గెక్కడే?" అన్నారు. గరుకు రాళ్ళమీద, అన్ని సందుల మధ్య ముగ్గు గీత కుదరదు మరి. తులసికోట ముందు నాలుగడుగుల మట్టినేల అలాగే వదిలించాను. కారు తిప్పడానికి ఇరుకని మావారు సణిగారు. సణగనీ! వాకిలి కారొక్కదానిదే కాదు కదా.

మొన్న రాత్రంతా వాన. తెల్లారి కాఫీ తీసుకెళ్తే మామయ్యగారు కుర్చీలో లేరు. గేటు దగ్గర పాలబ్బాయితో క్రికెట్ మాట్లాడుతున్నారు.

మీరు వేయించుకుంటే ఓ పదిహేను బ్లాకులు ఎక్కువ తెచ్చి దాచుకోండి. తర్వాత కావాలంటే అదే అచ్చు, అదే రంగు దొరకడం కష్టం.