ఎర్రదీపం వెలిగేదాకా ఆగవద్దు

మా పెద్దబ్బాయి చెప్పిన మాట ఆనాడు చెవిని పెట్టి ఉంటే ఈ సంగతి రాయవలసిన అవసరం నాకు కలిగేది కాదు.

నేను ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసి 2001లో రిటైరయ్యాను. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక పాత మారుతి 800 కొన్నాను. తెనాలి దగ్గర మా పల్లెలో అప్పటికి కార్లు ఎన్నో లేవు. ప్రతి శనివారం సాయంత్రం కారును తళతళలాడేటట్టు కడిగేవాణ్ణి. అయితే రెండేళ్లలో ఒక్కసారి కూడా బానెట్టు ఎత్తి చూసిన పాపాన పోలేదు. అది మెకానిక్కు పని అనుకునేవాణ్ణి.

2003 సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చిన మా పెద్దబ్బాయి ఒకరోజు ఉదయం, "నాన్నగారూ, కారు నిలబెట్టిన చోట నేలమీద నల్లగా చుక్కలు పడుతున్నాయి. రెండు రోజులుగా చూస్తున్నాను" అన్నాడు. వాడు ఆ ఏడు డిగ్రీలో ఒక పేపరు తప్పాడు. ఆ కోపం నా మనసులో ఉంది. "పుస్తకం మీద లేని శ్రద్ధ కారు మీద ఎందుకురా నీకు?" అన్నాను. వాడు తల వంచుకొని లోపలికి వెళ్లిపోయాడు. ఆ మరకలమీద మా శ్రీమతి ఇసుక చల్లింది. అంతటితో మరచిపోయాము.

ఆ నెలాఖరులోనే పురిటికి వచ్చిన మా అమ్మాయికి రాత్రి పదకొండు గంటలకు నొప్పులు మొదలయ్యాయి. గుంటూరులో చూపిస్తున్నాము గనుక వెంటనే అక్కడికే బయలుదేరాము. అబ్బాయి నా పక్కన, అమ్మాయీ వాళ్లమ్మా వెనుక సీట్లో. నారాకోడూరు దగ్గరపడుతుండగా నా ఎదుట నూనెడబ్బా బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలిగింది. "ఆయిలు పోయించమని గుర్తుచేస్తోంది. గుంటూరులో పోయిద్దాం" అనుకొని ఇంకా వేగం పెంచాను. కాసేపటికి ఇంజనులో సుత్తితో కొట్టినట్టు టకటకమని చప్పుడు మొదలైంది. మరికొంత దూరం పోగానే ఒక్క కుదుపుతో బండి ఆగిపోయింది. తాళంచెవి ఎంత తిప్పినా ఇంజను కదలలేదు. పట్టేసింది.

ఆ చీకట్లో రోడ్డు పక్కన గడిపిన ముప్పావుగంట నాకు ఒక యుగం. అమ్మాయి బాధతో మూలుగుతుంటే మా శ్రీమతి దాని తల ఒడిలో పెట్టుకొని ప్రార్థన చేస్తూ ఉంది. వచ్చిన ప్రతి లారీకీ అబ్బాయి చేతులెత్తి అడ్డం నిలబడ్డాడు. చివరకు ఒక పాలవ్యాను ఆపాడు. క్యాన్లు పక్కకు జరిపి అమ్మాయిని పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాము. తెల్లవారుజామున మనవరాలు పుట్టింది. దేవుని కృపవలన తల్లీ బిడ్డా క్షేమం.

ఇంజను మాత్రం క్షేమం కాదు. దాన్ని విప్పిన మెకానిక్కు నల్లగా మాడి, గీతలు పడిన బేరింగు ముక్కలు నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఆ దీపం వెలిగిన వెంటనే ఇంజను ఆపి ఉంటే ఒక డబ్బా ఆయిలుతో పోయేది" అన్నాడు. ఆయిలు దించే నట్టు కింద ఉండే వాషరు అరిగిపోయి, చుక్కచుక్కగా అంతా కారిపోయిందట. మరమ్మతుకు నా రెండు నెలల పెన్షను సరిపోలేదు.

ఆ దీపం సంగతి నాకు అప్పుడే తెలిసింది. మీలో చాలామందికి ఇప్పటికీ తెలియకపోవచ్చు. అది ఆయిలు తగ్గుతోందని ముందుగా చెప్పే దీపం కాదు. ఇంజనులో ఆయిలు ఒత్తిడి పడిపోయిందని చెప్పే దీపం. లోపల నిమిషానికి వేలసార్లు తిరిగే ఇనుము ఇనుమును తాకకుండా మధ్యలో సన్నని ఆయిలు పొర కాపాడుతూ ఉంటుంది. పంపు ఒత్తిడి పోతే ఆ పొర ఉండదు. కనుక దారిలో ఆ దీపం వెలిగితే బండి పక్కకు తీసి అప్పటికప్పుడే ఇంజను ఆపాలి. తాళం తిప్పగానే అది వెలిగి, ఇంజను స్టార్టయిన వెంటనే ఆరిపోవడం మామూలే. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే దీపమే చెడిపోయిందేమో చూపించుకోండి.

అంతదాకా రాకుండా ఉండాలంటే వారానికి కొద్ది నిమిషాలు చాలు. కారును చదునైన నేలమీద నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ అనే సన్నని ఇనుప పుల్ల ఉంటుంది. దాన్ని తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. చివరన రెండు గుర్తులుంటాయి. ఆయిలు తడి ఆ రెంటి మధ్య ఉండాలి. కింది గుర్తుకు దగ్గరపడితే కొంచెం కొంచెంగా పోసి మళ్లీ చూడాలి. పై గుర్తు దాటనివ్వకూడదు. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిలును చిలికి నురుగు చేస్తాయి, అదీ చేటే. ఆయిలు నల్లబడినంత మాత్రాన భయపడవద్దు, మసిని తనలో కలుపుకోవడం దాని పని. పాలు కలిపిన టీ రంగులో ఉంటే మాత్రం నీళ్లు కలిశాయేమోనని అనుమానించాలి. మెకానిక్కుకు చూపించేదాకా బండి తీయవద్దు.

కారు బాగై వచ్చాక కొన్ని నెలలకు ఆయిలు మార్చే రోజు వచ్చింది. "ఈసారి మనమే మారుద్దాం నాన్నగారూ" అన్నాడు అబ్బాయి, భయపడుతూనే. వడ్రంగి చేత గట్టి చెక్కతో రెండు ర్యాంపులు చేయించాము. ఒక్క జాకీని నమ్మి కారు కింద దూరడం ప్రాణాలతో చెలగాటం. ముందు చక్రాలు ర్యాంపుల మీదకెక్కించి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాము. ఆయిలు తేలికగా దిగడానికి అంతకుముందే ఇంజనును కాసేపు నడిపించి ఆపాము. గోరువెచ్చగా ఉంటే చాలు. మరీ కాగితే చేతులు బొబ్బలెక్కుతాయి.

అబ్బాయి బేసిను పెట్టి స్పానరుతో కింది నట్టు విప్పాడు. చివరి చుక్క దాకా దిగనిచ్చి, కొత్త వాషరు వేసి బిగించాడు. మరీ బలం పెడితే మర పోతుంది. తరువాత పాత ఫిల్టరు తిప్పి తీశాడు. దాని రబ్బరు చక్రం ఇంజనుకే అతుక్కొని ఉండిపోయిందేమో తడిమి చూడమన్నాడు మెకానిక్కు. అది ఉండగా కొత్తది బిగిస్తే ఆయిలంతా చిమ్ముతుంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు కొంచెం ఆయిలు రాసి, చేత్తోనే బిగించాడు.

వాడు కారు కింద, నేను టార్చిలైటు పట్టుకొని నేలమీద. వాడి ముఖమంతా మసి. అప్పటిదాకా వాడు "నేను ముందే చెప్పాను గదా" అని ఒక్కసారీ అనలేదు. ఆ రాత్రి రోడ్డు మీద అనలేదు, ఆసుపత్రిలో అనలేదు. అది నన్ను లోలోపల తొలుస్తూనే ఉంది. వందలమంది పిల్లలకు పాఠాలు చెప్పిన నోటికి ఆ ఒక్క మాట రావడానికి అన్ని నెలలు పట్టింది. "తప్పు నాదిరా. నువ్వు చెప్పినప్పుడు వినవలసింది" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "లైటు కొంచెం ఇటు పట్టండి నాన్నగారూ" అన్నాడు. గొంతు మాత్రం వణికింది.

కారును చదునుకు దించి, పుస్తకంలో చెప్పిన దానికన్నా కొంచెం తక్కువగానే ఆయిలు పోశాము. ఒక నిమిషం ఇంజను నడిపి, కింద కారుతోందేమో చూసి, ఆపి, డిప్‌స్టిక్ చూసుకొని మిగిలినది పోశాము. ఆ రోజు తేదీ, కిలోమీటర్లు వాడు ఒక నోటుబుక్కులో రాశాడు.

మా పాత కారుకు 20 డబ్ల్యూ 40 ఆయిలు వాడేవాళ్లం, ఐదువేల కిలోమీటర్లకు మార్చేవాళ్లం. ఇప్పటి కార్లలో చాలావాటికి అంతకన్నా పల్చనివి వాడాలి, పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. మీ బండితో ఇచ్చిన పుస్తకం ఏం చెబితే అదే ప్రమాణం. గ్యారంటీలో ఉన్న కారును కంపెనీ సర్వీసుకే ఇవ్వండి.

మరొక్క మాట. దించిన పాత ఆయిలును కాలువలో, దొడ్లో పారబోయవద్దు. అది నేలనూ నీటినీ పాడుచేస్తుంది. ఒంటికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి. మన దేశంలో 2016 నాటి నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి. డబ్బాలో పోసి, పాత ఆయిలు సేకరించే వర్క్‌షాపుకు ఇవ్వండి.

ఆ మారుతి కారును 2014లో అమ్మేశాము. నోటుబుక్కు మాత్రం ఇంట్లోనే ఉంది. ఆ రాత్రి పుట్టిన మనవరాలు ఇప్పుడు కారు నడుపుతుంది. సెలవులకొచ్చినప్పుడు డిప్‌స్టిక్ తుడిచి చూసి, మేనమామ రాసిన లెక్కల కింద తానూ ఒక వరుస రాసి వెళుతుంది. మొన్న వచ్చినప్పుడు, "తాతయ్యా, వెనుక టైరులో గాలి తగ్గినట్టుంది" అన్నది. నేను చేతిలోని పుస్తకం పక్కన పెట్టి, వెంటనే లేచి వెళ్లి చూశాను.