బూరె, మా వదిన, టీ ట్రీ నూనె

మా కుక్క పేరు బూరె. నేతిలో వేగిన రంగులో ఉంటుందని మా అమ్మాయి పెట్టింది. మూడేళ్ల కిందట సెవెన్ టూంబ్స్ రోడ్డులో వానకి వణుకుతుంటే ఒళ్లో పెట్టుకుని తెచ్చేసింది. అప్పుడు వద్దే వద్దన్న మా అత్తయ్యే ఇప్పుడు పెరుగన్నం కలిపితే మొదటి ముద్ద దానికి పెడతారు.

ఈ వానల్లో దానికి పిడుదులు పట్టాయి. ఫోన్లో ఆ మాట మా వదినతో అన్నాను. అన్నయ్య ఉద్యోగం పోయాక వదిన ఎసెన్షియల్ ఆయిల్స్ అమ్మడం మొదలుపెట్టింది. మా మేనల్లుడి కాలేజీ ఫీజు ఆ చిన్న చిన్న సీసాల్లోంచే వచ్చింది. అందుకే వాడినా వాడకపోయినా నెలకొకటి కొంటుంటాను. "మందులెందుకు, అన్నీ కెమికల్సే. నీ దగ్గర టీ ట్రీ ఉందిగా, నాలుగు చుక్కలు రాయి. నేచురల్" అంది.

నాలుగు చుక్కలే అంది పాపం. పిడుదులు చాలా ఉన్నాయి కదా అని నేను అర చెంచాడు తీసి, ఏమీ కలపకుండా మెడ నుంచి తోక దాకా పట్టించాను.

సాయంత్రం అత్తయ్య కేక. "అమ్మాయ్, దీని కాళ్లు నిలవట్లేదు చూడు!" బూరె లేవబోయి వెనక కాళ్లు జారి కూలబడుతోంది. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా వణుకు. మెహిదీపట్నంలో మేం చూపించే డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ముందు గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో గోరువెచ్చని నీళ్లు పోసి కడగమన్నారు. వట్టి నీళ్లకి నూనె వదలదట. వాంతి చేయించొద్దు, సీసా కూడా పట్టుకుని వెంటనే రమ్మన్నారు. తడి కుక్కని తువ్వాలులో చుట్టుకుని ఆటో ఎక్కాను.

సెలైన్ పెట్టి రాత్రంతా ఉంచుకున్నారు. "మీరు రాసుకుంటే నాక్కోరు కదమ్మా, అది నాక్కుంటుంది. పైగా చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది" అన్నారు. నాకింక మాట రాలేదు.

నిద్ర పట్టక ఆ రాత్రి ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. అమెరికాలో 2002 నుంచి 2012 దాకా ఏమీ కలపని టీ ట్రీ నూనె వల్ల జబ్బుపడ్డ కుక్కలు, పిల్లులు 443 లెక్కకొచ్చాయట. అందులో 89 శాతం వాటి మనుషులు మంచి జరుగుతుందని కావాలని వాడినవే. నాలాంటి వాళ్లు అక్కడా ఉన్నారన్నమాట.

మూడో రోజుకి బూరె మామూలుగా నడిచింది. నేను మాత్రం ఇల్లంతా కొత్తగా చూడటం మొదలుపెట్టాను. అత్తయ్య ఆవిరి పట్టే నీలగిరి తైలం, దేవుడి గూట్లో కర్పూరం, దిండు కింద అమృతాంజనం. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ తెలుగువాళ్ల తలనొప్పికి ఆ వాసన తోడు, దాన్ని అత్తయ్యతో మాన్పించడం నా తరం కాదు. మాన్పించక్కర్లేదని డాక్టరుగారూ అన్నారు. రాసుకున్న చోట కుక్క నాక్కుండా చూసుకోవాలి, చేతులు కడుక్కోవాలి, కర్పూరం దానికి అందకూడదు, ఆవిరి పట్టేటప్పుడు అది వేరే గదిలో ఉండాలి. అంతే. అమ్మాయి గదిలో డిఫ్యూజర్ పెట్టినప్పుడల్లా బూరె లేచి బయటికి వచ్చేసేది. అలిగిందనుకుని నవ్వుకునేవాళ్లం.

వదినకి చెప్పడమే కష్టమైంది. చెప్తే తప్పు తన మీదకి తోసినట్టుంటుంది. అర చెంచా పోసిన చెయ్యి నాది. చెప్పకపోతే ఇంకో ఇంట్లో ఇంకో కుక్క. నాలుగు రోజులు ఫోన్ తీసి పక్కన పెట్టి, చివరికి నేను పోసిన లెక్కతో సహా అంతా చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. "సరే" అని పెట్టేసింది. కోపమొచ్చిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తనే చేసింది. "కుక్కలున్న ఇళ్లు మూడున్నాయి, ముగ్గురికీ చెప్పేశాను. ఒకావిడ సీసా వెనక్కి తీసుకోమంది, తీసుకుంటున్నాను. ఇంకొకావిడకి పిల్లి ఉంది. పిల్లికి ఫర్వాలేదా?"

"పిల్లికి ఇంకా ప్రమాదం వదినా. వాటి లివర్ ఇలాంటివి విరగ్గొట్టలేదట."

"అయితే ఉండు, ఆవిడకి ఇప్పుడే చేస్తాను" అని పెట్టేసింది.