కారం మానే ముందు

ఉండవల్లి దగ్గర కృష్ణా కరకట్ట మీది మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి చికిత్సా ఆరోగ్యాలయంలో వంటకు ఉప్పు, నూనె వాడరు. మిరప పండించే గుంటూరు, ప్రకాశం వాళ్లకు అసలు పరీక్ష ఈ చప్పిడి తిండే. ఆసనాలు ఆ తర్వాత. నాలుక చప్పిడికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఊరగాయ, పచ్చడి ఇంట్లోనే ముందుగా తగ్గించడం మేలు. కాఫీ ఒక్కసారిగా ఆపితే మొదటి కొన్ని రోజులు తలనొప్పి సహజం. అది జబ్బు కాదు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం అక్కడి ఉపవాసం సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇక వెళ్లే కాలం: మిరప కోతలు, పత్తి తీతలు ముగిసి, గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చే మే నెల అనువు. సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉన్నవాళ్ల మనసు ఎలాగూ ధర చుట్టూనే తిరుగుతుంది. అమ్మాలా, ఆపాలా అన్నది బయల్దేరే ముందే ఇంట్లో ఒకరికి అప్పగించాలి.