భీమన్న చెవి

పిల్లి చెవినుండి నెత్తురుబొట్టు తీసి చక్కెర చూచుట యొక సంచికలో వ్రాయదగిన విషయమా యని మిత్రులు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. గడచిన పది మాసములుగా మా యింట శ్రద్ధతో జరుగుచున్న పని యిదియే.

మా కాపురము బరంపురమున. గంజాము ప్రాంతము 1936లో మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరుటకు ముందే మా తాతగారిచ్చట స్థిరపడిరి. మేము ముప్పదియైదేండ్లు గుమాస్తాగా లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందినవారము. మా పిల్లి పేరు భీమన్న. పదునొకండేండ్ల వయస్సు, ఏడు కిలోల బరువు. పిల్లిని 'వాడు' అనుట వ్యాకరణమునకు సమ్మతము గాకపోవచ్చును గాని మా యింటికి సమ్మతమే.

గత సంవత్సరము వాడు బకెట్టులో మూతిపెట్టి యదేపనిగా నీరు త్రాగసాగెను. ఎంత తినినను చిక్కిపోవుచుండెను. వెనుకకాళ్లు మడమలవరకు నేల కానించి ముసలివానివలె నడచుచుండెను. పశువుల డాక్టరుగారు రక్తము పరీక్షించి "మధుమేహము" అనిరి. ఆ మాట ఒడియాలోను తెలుగులోను ఒక్కటియే గనుక మాకు తర్జుమా అక్కరలేకపోయెను. బలిసినవి, వయస్సు మీరినవి, విత్తులు తీయించినవి యగు మగపిల్లులకు ఈ వ్యాధి యెక్కువగా వచ్చునట. మూడును మావానియందు గలవు. దానికితోడు మా యిల్లాలు ప్రేమతో పెట్టుచు వచ్చిన పాలన్నము. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి, దానికి అన్నము తగదని డాక్టరుగారు చెప్పినపుడు మేము ఆమె ముఖమువైపు చూడలేకపోతిమి.

రెండుపూటల ఇన్సులిను సూది మొదలయ్యెను. అయినను ఆస్పత్రిలో చూచినపుడెల్ల చక్కెర 350కి తగ్గలేదు. మోతాదు పెంచవలెనేమో యను మాట వచ్చెను. కాని పిల్లి భయపడినంతనే దాని రక్తములో చక్కెర పెరుగును. బుట్టలో పెట్టి, ఆటోలో కుదిపి, కుక్కల మొఱుగుల నడుమ కూర్చుండబెట్టిన ప్రాణి నెత్తురు వ్యాధిని చెప్పునా, భయమును చెప్పునా? ఇంటనే చూచి వ్రాసి తెండని డాక్టరుగారే సెలవిచ్చిరి.

చెవి యంచు వెంబడి సన్నని రక్తనాళము పోవును. వేడినీట ముంచి పిండిన గుడ్డతో చెవిని కొంతసేపు వెచ్చజేసినచో నది యుబ్బును. చెవి వెనుక దూది యానించి, అంచున నొక పోటు పొడువవలెను. ఆవగింజంత బొట్టుకు స్ట్రిప్పు కొన తాకింపగనే అదియే పీల్చుకొనును. కొద్ది క్షణములలో మీటరుపై అంకె కనబడును. పిమ్మట చెవిని దూదితో అదిమిపట్టి, ఉడికించిన చేపముక్క నోటికందింపవలెను. ఈ చివరి పని మరచినచో మరునాడు పిల్లి దొరకదు.

వ్రాయుట సులువే. మొదటినాడు మా చేయి వణకి ఆరు పోట్లు పొడిచి మూడు స్ట్రిప్పులు పాడుచేసితిమి. వాడు బీరువాపై కెక్కెను. "ఏమండీ, ఇక చాలండీ" అని మా యిల్లాలు కంటనీరు పెట్టుకొనెను. పదిదినములకు చేప వాసనకే వాడు వచ్చి ఆమె యొడిలో కూర్చుండెను. ఆస్పత్రిలో 362 చూపిన పిల్లికి ఇంట 214 మాత్రమే యుండెను. మనుష్యుల మీటరు పిల్లి చక్కెరను కొంత తక్కువగా చూపునట. ఆ భేదమును లెక్కించుకొనియే మోతాదు పెంచవలదని డాక్టరుగారు నిశ్చయించిరి. తేదీ, వేళ, అంకె, తిన్నది, మందు అని అయిదు గళ్లు గీసి చిట్టా తెఱచితిమి. మా ఉద్యోగములో ఇంత శ్రద్ధగా వ్రాసిన రిజిస్టరు లేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

ఒక చలికాలపు ఉదయము మా యిల్లాలు సూదిలో మందు నింపి పట్టుకొనియుండెను. మీటరు 58 చూపెను. నమ్మక రెండవ చెవిని చూచితిమి: 56. సూది క్రింద పెట్టించి, వానికి భోజనము పెట్టి, డాక్టరుగారికి ఫోను చేసితిమి. తూలినచో చిగుళ్లకు తేనె రాయుడనియు, ఆ పూట మందు వేయవలదనియు చెప్పిరి. వాడు తూలలేదు. గంటకు 91 వచ్చువరకు మే మిద్దరమును నేలపైనే కూర్చుంటిమి. అంతకుముందు రెండు మాసములు ఉదయము చూడకయే సూది వేసియుంటిమి. ఆ మాట ఆమెయు ననలేదు, మేమును అనలేదు.

అటుపిమ్మట మోతాదు తగ్గెను; ఇప్పుడు అర యూనిట్టు మాత్రమే. కొన్ని పిల్లులకు ఇన్సులిను పూర్తిగా మానుటయు సంభవమే నట. వెనుకకాళ్లు మరల లేచినవి. వాడు గోడ యెక్కుచున్నాడు.

రాత్రి భోజనవేళ వంటగది గుమ్మమున కూర్చుండి వాడు నేటికిని ఆమె పళ్లెమువంకనే చూచును. ఆమె తలుపు దగ్గరగా వేసికొని పాలన్నము తినుచున్నది.