మడత పెట్టిన పేజీలు

సెలవులకి వచ్చిన మా పెద్దమ్మాయి తిరిగి హాస్టలుకి వెళ్ళిపోతూ ఒక పుస్తకం మంచం మీద వదిలేసింది. మర్చిపోయిందేమోనని ఫోన్ చేస్తే "మర్చిపోలేదమ్మా, నీకోసమే వదిలాను, చదువు" అంది. మార్గరెట్ అట్‌వుడ్ అనే కెనడా రచయిత్రిది, పేరు "క్యాట్స్ ఐ". 1988లో వచ్చిందట. నాలుగొందల పేజీల ఇంగ్లీషు నవల చూడగానే నాకు నీరసం వచ్చేసింది. అయినా పిల్ల అంతగా చెప్పింది కదా అని మొదలుపెట్టాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఓ అరగంట, రాత్రి పాలు తోడు పెట్టాక ఓ అరగంట. నెలన్నర పట్టింది.

కథ ఇదీ. ఇలేన్ అనే చిత్రకారిణి తన బొమ్మల ప్రదర్శన కోసం చాలా ఏళ్ళకి టొరంటో వస్తుంది. యాభైకి దగ్గరపడిన మనిషి. ఆ వీధుల్లో నడుస్తుంటే చిన్నతనం ముందుకొస్తుంది. వాళ్ళ నాన్న పురుగుల మీద పరిశోధన చేసేవాడు. అడవుల వెంట తిరుగుతూ, అన్నయ్యతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల ఎనిమిదేళ్ళ వయసులో టొరంటోలో కుదురుకుని, మొదటిసారి ఆడపిల్లల జట్టులో చేరుతుంది. గ్రేస్, క్యారల్, వాళ్ళకి నాయకురాలు కార్డీలియా. వాళ్ళు ఈ పిల్లని కొట్టరు. నువ్వలా నిలబడకూడదు, ఇలా తినకూడదు, నీ మంచికే చెప్తున్నాం అంటారు. పైగా స్నేహితులం అంటారు! ఇలేన్ ఇంట్లో ఒక్క ముక్క చెప్పదు. రాత్రిళ్ళు పక్కలో కూర్చుని కాళ్ళ చర్మం పీక్కుంటుంది. జేబులో ఒక పిల్లికన్ను గోళీ పెట్టుకుని, అది తనని కాపాడుతుందనుకుంటుంది. పుస్తకం పేరు ఆ గోళీదే.

నాకు ఆరో తరగతిలో అచ్చం ఇదే జరిగింది. నాన్నగారికి ట్రాన్స్‌ఫరై కొత్త ఊరు వెళ్ళాం. ఆ బడిలో ముగ్గురమ్మాయిలు మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుని భోంచేసేవారు. రోజూ నా క్యారేజీ మూత తీయించి, వాసన చూసి, ఇవాళ నన్ను కూర్చోనివ్వాలో వద్దో చెప్పేవారు. వద్దన్న రోజు నేను కుళాయి దగ్గర నిలబడి తినేదాన్ని. గోళ్ళు చిగుళ్ళదాకా కొరికేసుకుంటుంటే అమ్మ వేపాకు రసం పూసింది. ఎందుకు కొరుకుతున్నానో అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. మన భాషలో దీనికి ఉన్న మాట కూడా చూడండి, ఏడిపించడం. పిల్ల నిజంగా ఏడుస్తున్నా, "ఊరికే సరదాకి ఏడిపిస్తున్నారే" అనేస్తాం.

పుస్తకం పూర్తయ్యాక నాలో దాచుకోలేకపోయాను. పై వాటా వదినగారికి ఇచ్చాను. ఆవిడ దగ్గర్నుంచి మా వీధి చివర ఉండే రిటైరైన టీచరుగారికి వెళ్ళింది. అక్కణ్ణించి మా పెద్దమ్మ కూతురికి కొరియర్లో పంపాను. ఒక షరతు పెట్టాను, ఎక్కడ మనసు ఆగిపోతే అక్కడ పేజీ చివర మడత పెట్టమని. పుస్తకాలు మడవకూడదని టీచరుగారు కోప్పడ్డారు గానీ, చివరికి ఆవిడా మడిచారు.

వదినగారి మడత గొయ్యి దగ్గర. ఆటలో భాగమంటూ ఇలేన్‌ని కార్డీలియా వాళ్ళ పెరట్లో గొయ్యిలో దించి, పైన పలకలు పేర్చి మట్టి వేసి వెళ్ళిపోతారు. ఆ గొయ్యిలో ఉన్నంతసేపూ ఏం జరిగిందో పెద్దయ్యాక ఇలేన్‌కి గుర్తుండదు. ఆ చోట ఒక నల్లటి చదరం మాత్రం ఉంటుంది. వదినగారు కాఫీ కలుపుతూ, నా వైపు తిరక్కుండానే, "నాకూ ఏడో తరగతి మొత్తం లేదండీ. ఆరు గుర్తుంది, ఎనిమిది గుర్తుంది" అన్నారు. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎనిమిదేళ్ళుగా ఒకే మేడ మెట్లు ఎక్కి దిగుతున్నాం, ఆ సంగతి నాకు తెలియదు.

టీచరుగారి మడత తల్లి దగ్గర. చాలా ఏళ్ళ తర్వాత ఇలేన్ వాళ్ళమ్మ ఆ చెడ్డరోజుల మాట ఎత్తుతుంది. అంటే ఆవిడకి ఎంతో కొంత తెలుసు. కూతురికేమో అప్పటికి ఆ సంగతే మరుపున పడిపోయి, అమ్మ దేని గురించి మాట్లాడుతోందో అర్థం కాదు. "ముప్ఫై రెండేళ్ళు పాఠాలు చెప్పానమ్మా. చివరి బెంచీలో ఒంటరిగా కూర్చున్న పిల్లలు నాకు కనపడలేదంటే అబద్ధం. సిలబస్ అవ్వాలి కదా అనుకునేదాన్ని" అన్నారావిడ.

ఇంక అక్క. అక్క మడత కోసం ఎదురుచూశాను. గొయ్యి దగ్గరో, లోయ దగ్గరో పెడుతుందనుకున్నాను. మంచుకాలంలో ఇలేన్ టోపీని లోయలోకి విసిరి, దిగి తెచ్చుకోమంటుంది కార్డీలియా. కాళ్ళ కింద మంచు విరిగి పిల్ల నీళ్ళలో పడితే, ముగ్గురూ వదిలేసి పోతారు. ఆ తర్వాతే ఇలేన్ వాళ్ళకి వీపు చూపించి నడిచి వెళ్ళిపోతుంది. అది చదివి నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. అక్క అక్కడ మడవలేదు.

అక్క మడిచింది హైస్కూలు భాగంలో. అక్కడ కథ తిరగబడుతుంది. ఇలేన్ జరిగిందంతా మర్చిపోతుంది, మళ్ళీ కార్డీలియాతో స్నేహం చేస్తుంది. ఈసారి నోరున్నది ఇలేన్‌కి. కార్డీలియా చదువులో, ధైర్యంలో జారిపోతుంటే, ఇలేన్ మాటలతో గుచ్చుతుంది, భయపెడుతుంది, అందులో కాస్త సుఖం కూడా చూసుకుంటుంది. ఆ పేజీలు నేను గబగబా తిప్పేశానని అక్క మడత చూశాకే తట్టింది.

ఫోన్ చేసి "ఇక్కడెందుకు మడిచావే?" అన్నాను.

అక్క కాసేపు ఊరుకుంది. "నీకు నిజంగా గుర్తులేదా? ఎనిమిదో తరగతి. జిడ్డు."

ఎనిమిదిలో మేం మళ్ళీ ఊరు మారి, అక్క చదివే బడిలోనే చేరాం. అక్క నాకంటే ఒక క్లాసు పైన. అక్కడ నేను క్లాసు ఫస్టు, టీచర్లకి ముద్దు, నా చుట్టూ ఎప్పుడూ నలుగురు. ఇదంతా నాకు బాగా గుర్తుంది. అక్క చెప్పింది నాకు గుర్తులేనిది. పల్లెటూరి నుంచి బస్సులో వచ్చే ఒకమ్మాయి ఉండేదట. తలనిండా నూనె, రెండు జడలు. ఆ పిల్లకి జిడ్డు అని పేరు పెట్టింది నేనట. ఆ పిల్ల తగిలితే చెయ్యి గోడకి రాసుకోవాలి, లేకపోతే జట్టు కటీఫ్. ఆ నియమం కూడా నాదేనట.

"ఒకరోజు కుంకుడుకాయలతో బాగా రుద్దుకుని పొడి జుట్టుతో వచ్చింది. నీ దగ్గరకొచ్చి నవ్వింది. నువ్వు అందరూ చూసేలా గోడకి చెయ్యి రాశావు."

"మరి నువ్వేం చేశావే?" అన్నాను, గొంతు పెగలక.

"నవ్వాను. నేనూ నవ్వాను."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరో తరగతి క్యారేజీ మూత చప్పుడు కూడా గుర్తున్న నాకు, ఇది ఒక్క ముక్క గుర్తు లేకపోవడమేమిటి? తెల్లవారుజామున ఒక ఆకుపచ్చ రిబ్బను కళ్ళముందుకొచ్చింది, ఎండలో గోడ గరుకు చేతికి తెలిసింది. అది నిజంగా జ్ఞాపకమో, అక్క చెప్పింది కాబట్టి నేను గీసుకున్న బొమ్మో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ ఆట ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం తెలుసు. మడి, మైల, ముట్టుకోకు అన్న మాటలు వింటూ పెరిగినదాన్ని.

మనకి తగిలిన దెబ్బలు మన దగ్గరే ఉంటాయి. మనం కొట్టినవి మాత్రం వేరేవాళ్ళ దగ్గర ఉంటాయి. అక్క ఈ పుస్తకం చదవకపోతే, నేను నా సగం కథనే మొత్తం కథ అనుకుంటూ పోయేదాన్ని. నలుగురం ఒకే పుస్తకం చదవడంవల్ల ఎవరి సగం వాళ్ళకి ఇంకొకరి చేతిలో దొరికింది.

స్కూలు వాట్సాప్ గ్రూపులో ఆ అమ్మాయి నంబరుందని అక్క చెప్పింది. నేనింకా ఫోన్ చెయ్యలేదు. క్షమించమని అడిగితే తేలికయ్యేది ఎవరి మనసు? ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆవిడ మధ్యాహ్నపు నిద్ర చెడగొట్టి నేను హాయిగా పడుకోవడం న్యాయమా? అలాగని చెయ్యకపోవడం పిరికితనం కాదా? నవలలో ఇలేన్ తన ప్రదర్శనకి కార్డీలియా వస్తుందేమోనని గుమ్మం వైపే చూస్తుంటుంది. ఆవిడ రాదు. చెప్పాలనుకున్న మాటలు ఇలేన్ దగ్గరే మిగిలిపోతాయి. నావీ ప్రస్తుతానికి నా దగ్గరే ఉన్నాయి.

ఒక్క పని మాత్రం చేశాను. మా చిన్నది ఏడో తరగతి. బడి నుంచి రాగానే "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడగడం నాకలవాటు. మా అమ్మ నన్ను అడగలేదు కదా, అందుకని. మొన్న పెరుగన్నం కలిపి పెడుతూ మాట మార్చాను.

"నువ్వెవర్నైనా ఏమైనా అన్నావా నాన్నా?"

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఎందుకమ్మా అలా అడుగుతున్నావు?"

"ఊరికే. నీ వయసులో నేను ఒకమ్మాయిని అన్నాను. అందుకని."

కంచంలోకి చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "మా వ్యానులో ఒకమ్మాయుంది..." అని మొదలుపెట్టింది. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.