పిలిస్తే రావాలంటే



కుక్కపిల్లకు పేరు పెట్టడానికి ఒక్క పూట చాలు. ఆ పేరు వినగానే అది ఉన్నచోటు వదిలి పరుగెత్తి రావడానికి వారాలు పడుతుంది. నర్సంపేట రోడ్డు పక్కన బతికే మనకు ఇది సరదా పని కాదు. పత్తి సీజన్ వస్తే ఎనుమాముల మార్కెట్‌కు పోయే డీసీఎంలు, ట్రాక్టర్లు తెల్లవారకముందే మొదలవుతాయి. పొలాల్లో గోడ లేని బావులున్నాయి. పిలుపు విని వెనక్కి తిరిగే కుక్కే ఇక్కడ నాలుగు కాలాలు బతుకుతుంది.

మా ఇంటికి రెండు నెలల టామీ వచ్చినప్పుడు మేము ముందు కుదుర్చుకున్నది ఒక మాట. పిల్లలు "కమ్ కమ్" అంటారు, నేను "ఇటు రా" అంటాను, మా అమ్మ "దా, దా" అంటుంది. మూడు మాటలు వింటే పిల్ల దేనికి రావాలి? అమ్మ మాటే ఖాయం చేశాం: "టామీ, దా."

మొదట ఇంట్లోనే, రెండడుగుల దూరం నుంచి. కిందకు కూర్చుని, సంతోషంగా, ఒక్కసారే పిలవాలి. వచ్చిన క్షణమే నోటికి శనగగింజంత ముక్క అందాలి. ఉడికిన గుడ్డయినా, ఉప్పూకారం లేని చికెనైనా సరే. వండిన కోడి ఎముకలు మాత్రం వద్దు, అవి చీలి లోపల గుచ్చుకుంటాయి. ముక్క ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి తెలియదు. తర్వాత వాకిట్లో, ఆ తర్వాత కోళ్లు తిరిగేచోట, చివరికి పొలం గట్టున. బయట మెడకు పొడవాటి తాడు ఉండాలి. లాగడానికి కాదు, రోడ్డెక్కకుండా ఉండటానికి. రాకపోతే వెంటపడకండి, అది ఆట అనుకుంటుంది. మీరే అవతలికి పరుగెత్తండి, మీ వెనక వస్తుంది. పూటకు అయిదు నిమిషాలు చాలు.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే పెట్టెల్లో ఉంచిన పిల్లుల్ని గమనించి చెప్పాడు: మేలు కలిగించిన పనినే జంతువు మళ్లీ చేస్తుంది. మన రాష్ట్రంలో పోలీసు జాగిలాలకు మొయినాబాద్‌లోని అకాడమీలో శిక్షణ ఇస్తారు. అక్కడ జాగిలంతో పాటు దాన్ని చూసుకునే పోలీసు కూడా నేర్చుకుంటాడు. నాకు నచ్చింది ఆ రెండో సగం. నేర్వాల్సింది పిలవబడేది ఒక్కటే కాదు, పిలిచేవాడు కూడా.

పిలిచేవాడు నేర్వాల్సింది ఒకటే: ఆ మాటను పాడుచేయకూడదు. "దా" అని పిలిచి కట్టేయకూడదు, స్నానానికి ఈడ్చుకుపోకూడదు. ఆ పనులకు మనమే దాని దగ్గరికి నడవాలి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్కపెట్టి మళ్లీ ఆటకు వదలాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యంగా వస్తే కొట్టకూడదు. మనం కొట్టేది పారిపోయినందుకు. కుక్కకు అర్థమయ్యేది, వచ్చినందుకు దెబ్బ పడిందని.

మన సంఘంలో ఒక అన్న మా అరుగు మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, పేరు రాయను. ఒకరోజు అడిగాడు: "అయ్యగారూ, అది గుడ్డు ముక్క కోసం వస్తుంది గానీ మీకోసం వస్తుందా?"

"మొదట ముక్క కోసమే అన్నా. తర్వాత తర్వాత ఆ చేతికోసం వస్తుంది" అన్నాను.

కాసేపు ఊరుకుని అన్నాడు: "మావోడు ఫోన్ ఎత్తుతలేడు అయ్యగారూ."

కొడుకు హన్మకొండ హాస్టల్‌లో ఇంటర్ రెండో సంవత్సరం.

"ఫోన్ చేస్తే ఏం మాట్లాడుతారన్నా?"

"ఏం మాట్లాడుత? మార్కులెన్ని వచ్చినయ్, అప్పు చేసి ఫీజు కట్టిన, చదువుతున్నవా లేదా..." అంటూ టామీ వైపు చూసి ఆగిపోయాడు.

ఆ రాత్రి నుంచి ఆయన మార్కుల మాట మానేశాడు. "తిన్నవా బిడ్డా? ఏం కూర?" అంతే. బర్రె ఈనిందని చెప్పేవాడు, పెట్టేసేవాడు. మొదట్లో అటునుంచి "ఊ" తప్ప మాట లేదు, చాలా రోజులు ఫోనే ఎత్తలేదు. నెల దాటాక ఒకరోజు ఆ పిల్లవాడే అడిగాడట, దూడ ఎట్లుంది అని.

ఇంటర్ ఫలితాల వారం మన ఇళ్లల్లో ఎంత భయంతో గడుస్తుందో మీకు తెలుసు. ఎందరు తల్లులు ఆ వారంలో పిల్లల జాడకోసం ఏడ్చారో తెలుసు. ఆ పిల్లవాడికి ఫిజిక్స్ పోయింది. అతను మొదట ఫోన్ చేసింది నాన్నకే. "పోతే పోనీ బిడ్డా, సప్లిమెంటరీ ఉంది. బస్సెక్కి ఇంటికి రా" అన్నాడు ఆయన. వాడు వచ్చాడు.

మన మందిరంలోనూ ఇంతే. ఆరు నెలలకు ఒకరు గడప తొక్కితే "ఇన్నాళ్లకు దారి దొరికిందా?" అని నవ్వుతూనే అంటాం. రాకపోవడాన్ని అంటున్నాం అనుకుంటాం. అది తగిలేది వచ్చినందుకే. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి లెక్కలడగలేదు, ఎదురు పరుగెత్తాడు.

రేపు ఒక్కరోజు చూసుకోండి. మీ ఇంట్లో పిల్లల పేరు ఎన్నిసార్లు పిలిచారు, ఎన్నిసార్లు పని చెప్పడానికి, ఎన్నిసార్లు తిట్టడానికి, ఎన్నిసార్లు ఊరికే పక్కన కూర్చోబెట్టుకోవడానికి. మూడో లెక్క తక్కువైతే రాత్రి పడుకునే లోపు ఒక్కసారి పిలవండి. రాగానే చేతిలో ఏదైనా పెట్టండి, పల్లీపట్టీ అయినా సరే.